ముప్పై చదరాల బొంత

గురమ్మను దొంగ అన్నది పరంజ్యోతి. ఆ మాట అని అప్పటికి పదకొండు నెలలు. ఈ పదకొండు నెలల్లో గురమ్మ పాతపట్నం సంతలో చింతపండు అమ్ముకుంది, మళ్ళల్లో నాట్లు వేసింది, ఇంటికొచ్చి గంజి కాచింది, నలుగురితో నవ్వింది కూడా. కానీ ఆ మాటను ఒక్క పూటైనా మరిచిపోతే ఒట్టు. తిన్న కూడు ఒంటబట్టలేదు మనిషికి.

అసలు సంగతి చెప్పాలంటే బొంత దగ్గర మొదలుపెట్టాలి. మనవైపు బొంత కుట్టడమంటే ఏముంది, నాలుగు పాత కోకలు నేలమీద పరిచి, నలుగురు ఆడవాళ్ళు నాలుగు మూలలా చతికిలబడి, ఈ అంచు నుంచి ఆ అంచుకి కుట్టుకుపోవడమే కదా. దానికి వాకిలంత చోటు కావాలి. గురమ్మకి ఎక్కడిదమ్మా చోటు? ఒంటిగది ఇల్లు, వానొస్తే అందులో సగం ఉరుస్తుంది. కూర్చుని కుట్టే తీరికా లేదు. అందుకని తన దారి తనే వెతుక్కుంది. జానెడున్నర చదరాలు కత్తిరించుకుని, పైగుడ్డ, నడుమ పాత పంచె మడత, అడుగుగుడ్డ, మూడూ కలిపి ఒళ్ళో పెట్టుకుని, ఏ చదరానికి ఆ చదరం పూర్తిగా కుట్టేసేది. సంతలో బేరం లేనప్పుడు ఒకటి, గట్టుమీద కూడు తిన్నాక ఒకటి. ముప్పై పూర్తయ్యాక అప్పుడు అతికేది.

ఆ అతకడంలోనే ఉంది పనితనమంతా. రెండు చదరాల అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు, ఒకదానికొకటి ఆనాలి. పైన ఒక పట్టీ, అడుగున ఒక పట్టీ. పైపట్టీని రెండు చదరాలకీ కుట్టాక, అడుగుపట్టీని మడిచి, దారం కనిపించకుండా పట్టేయాలి. అప్పుడు అతుకు దగ్గర గడ్డ కట్టదు. బొంత తిరగేసినా ఇది ముందో ఇది వెనకో పోల్చుకోలేరు.

పేటలో క్రైస్తవ మిషను వాళ్ళ కుట్టుబడి ఉండేది. వారానికి రెండు మధ్యాహ్నాలు ఆడవాళ్ళు అక్కడ చేరి లేసు అల్లడం, రుమాళ్ళమీద పువ్వులు కుట్టడం నేర్చుకునేవారు. అందులో గట్టి పనిమంతురాలు పరంజ్యోతి, సంఘపెద్ద కృపానిధి కోడలు. ఒకరోజు గురమ్మ తన చదరాల బొంత తీసుకెళ్ళి అందరికీ చూపించింది. పరంజ్యోతి దాన్ని తిప్పి తిప్పి చూసి, "రెండ్రోజులు ఉంచు, చూసిస్తాను" అని పట్టుకుపోయింది. మళ్ళీ వారం గురమ్మ వెళ్ళేసరికి ఆ బొంత మిషను ఆసుపత్రి నడిపే డాక్టరు దొరసాని బల్లమీద ఉంది. పరంజ్యోతి కనిపెట్టిన కొత్త పద్ధతి అని దొరసాని అందరికీ మెచ్చుకుని చెబుతోంది. ఆ నెలలోనే పరంజ్యోతిని కుట్టుబడికి టీచరును చేశారు.

"అది నా బొంత" అంది గురమ్మ, అందరి ముందూ. దొరసాని వినిపించుకునేలోగా ఎవరో రోగి వచ్చాడని లేచి వెళ్ళిపోయింది. పరంజ్యోతి నవ్వి ఊరుకుంది. సరిగ్గా రెండు రోజులకి కుట్టుబడిలో రెండు గజాల తెల్లగుడ్డ కనబడలేదని గోల రేగింది. బుట్టలన్నీ వెతికారు. అది గురమ్మ బుట్టలో, చింతపండు కింద దొరికింది.

"దొంగబుద్ధి ఉన్నవాళ్ళకే పక్కవాళ్ళ పని కూడా తమదే అనిపిస్తుంది" అంది పరంజ్యోతి, చల్లగా.

ముప్పై మంది ఆడవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. అసిరమ్మ అని ఒక ముసలామె, చూపు సరిగా ఆనదు, గురమ్మకు పిన్నమ్మ వరస, ఆమె ఒక్కతే "నాను నమ్మనర్రా" అని గొణిగింది. ఆ గొణుగుడు ఎవరు వింటారు?

ఇదంతా పడొచ్చు. గురమ్మ పడింది కూడా. సంతలో పక్కన కూర్చునేవాళ్ళు ఆమెను చూసి మూటలు దగ్గరికి లాక్కుంటే పడింది. కానీ ఆ సాయంత్రం ఆమె మొగుడు పోతురాజు అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా, మెల్లగా ఒక మాట అడిగాడు.

"నిజింగా తీసినావేటే?"

ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి! గురమ్మ కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి బయటికి వచ్చేసింది. పెరట్లో నిలబడి, పరంజ్యోతి ఉండే వీధివైపు చూసి, పళ్ళు నూరింది. నీ నోటితోనే చెప్పిస్తానే, ఆ ముప్పై మంది ముందూ, నా మొగుడి ముందూ చెప్పిస్తాను, చెప్పించకపోతే నా పేరు గురమ్మ కాదు అనుకుంది. అప్పటినుంచి ఆమె బతుకుతున్నది దానికోసమే.

అరవయ్యెనిమిదో సంవత్సరం, చలి మొదలైన రోజులు. డాక్టరు దొరసాని ఉద్యోగం చాలించి తన దేశం వెళ్ళిపోతోందని కబురు పొక్కింది. పేటలో సగం మంది పిల్లల్ని ఈ లోకంలోకి తెచ్చింది ఆ చేతులే. ఆమెకు ఏదైనా ఇవ్వాలి. ఏమివ్వాలి? పరంజ్యోతే చెప్పింది, చదరాల బొంత ఇద్దామని. ముప్పై మందీ తలా ఒక చదరం కుట్టాలి, చదరం మీద ఎవరి పేరు వాళ్ళు దారంతో కుట్టాలి. అక్షరం రానివాళ్ళకి పరంజ్యోతి పెన్సిలుతో రాసి పెట్టింది. అసిరమ్మ కళ్ళు చిట్లించుకుంటూ తన పేరు కుట్టడానికి ఇరవై రోజులు తీసుకుంది. గురమ్మను మాత్రం ఎవరూ పిలవలేదు.

చదరాలు ముప్పై తయారయ్యాయి. అతకాలి. అప్పుడు పడింది పరంజ్యోతికి గుండెల్లో రాయి. చూసిన బొంతలో పట్టీలు కనిపించాయి గానీ అవి ఎటునుంచి ఎటు కుట్టారో ఎవరు చెప్పాలి? రెండు చదరాలు తీసుకుని మామూలుగా కలిపి కుట్టింది. అతుకు దగ్గర వేలెడు లావున గడ్డ కట్టింది. విప్పింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ గడ్డే. తను కనిపెట్టిన పద్ధతి తనకే రాదని ఎవరికి చెప్పుకుంటుంది?

ఒక మిట్టమధ్యాహ్నం, మగవాళ్ళు పొలాల్లో, ఆడవాళ్ళు కునికిపాట్లలో ఉండగా, పరంజ్యోతి పెరటి దారిన గురమ్మ ఇంటికి వచ్చింది. చంకలో మూట.

"గురమ్మ వదినా! ఉన్నావా?"

వదినట! ఏనాడు కలిసిందో ఈ వరస. గురమ్మ చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తింది.

"ఉన్నాను. దొంగలు మజ్జాన్నంపూట ఇంట్లోనే ఉంతారు."

"పాత మాటలెందుకులే వదినా. ఏదో, అప్పుడలా జరిగిపోయింది."

జరిగిపోయిందట! రెండు గజాల గుడ్డ దానంతట అదే నడిచొచ్చి బుట్టలో దూరిందట! గురమ్మకి ఒళ్ళు భగ్గుమంది. కానీ మూట వైపు చూసింది. అందులోంచి చదరాల అంచులు కనిపిస్తున్నాయి. ఒక్క క్షణంలో సంగతంతా అర్థమైంది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన రోజు తనంతట తానే గుమ్మంలోకి వచ్చి నిలబడిందని తెలిసి, ఆమె పీట జరిపింది.

"రా, కూర్సో టీచరమ్మా. ఏటి కావాలి నీకు?"

చూడండి, గురమ్మ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అంచులు ఎలా ఆనించాలో చూపించింది. పైపట్టీ, అడుగుపట్టీ ఒక్క కుట్టులో ఎలా పట్టాలో, రెండో చదరం ఎలా కలపాలో, చివరికి అడుగుపట్టీ ఎలా మడవాలో, ఓపిగ్గా, చెయ్యి పట్టుకుని నేర్పింది. ముందు ఆరేసి చదరాలు వరసగా అతుకు, అలా అయిదు వరసలు చేసుకో, తరవాత వరసకీ వరసకీ నడుమ పొడుగుపట్టీ వెయ్యి అని చెప్పింది. పరంజ్యోతి చేతిపని తెలిసిన మనిషే. ఇట్టే పట్టేసింది.

"పట్టీలకి ఈ గుడ్డ తెప్పించాను" అని ఒక మడత విప్పింది. ఎర్రటి కొత్త గుడ్డ. నరసన్నపేట నుంచి తెప్పించిందట. "దొరసానికి ఇచ్చేది కదా, పాత గుడ్డ బాగోదు."

గురమ్మ ఆ గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసింది. గంజితో బిర్రుగా ఉంది, ఇంకా నీటి మొహం చూడలేదు. ఆమెకు లోపల ఎక్కడో చల్లగా పాకింది. పేటలో ఏ ఆడదానికీ తెలియని సంగతి అది. ఎలా తెలుస్తుంది? బొంత అంటేనే పాత గుడ్డ. పదేళ్ళు ఉతికిన కోక బొంతలోకి వస్తుంది గానీ కొత్త గుడ్డ బొంతలో పెట్టే భాగ్యం ఎవరికుంది? రవికలు కుట్టేది దర్జీ, ఆ గుడ్డ తడిపి ఆరేసేదీ అతనే. గురమ్మకు మాత్రం ఒకసారి అనుభవమైంది. ఒక ఆసామి ఇంటికి బొంత కుడితే వాళ్ళు అంచుకి కొత్త గుడ్డ ఇచ్చారు. మొదటి ఉతుకులోనే ఆ అంచు గజానికి రెండంగుళాలు పొట్టిదైపోయి, బొంతంతా మూతి ముడుచుకుంది. దాన్ని ఆమె మొహాన కొట్టారు.

"ఈ గుడ్డ సరిపోతుందా వదినా?" అని అడిగింది పరంజ్యోతి.

"ఇంత మంచి గుడ్డ, ఇంకేటి కావాలి?"

"ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?"

గురమ్మ గింజ ఒకటి తీసి పక్కన పడేసింది. తడిపి ఆరేసి మరీ కుట్టు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసింది. మింగి ఊరుకుందా?

"ముప్పై ఇళ్ళల్లో కుట్టినవి కదా, పొగా పసుపూ అంటుకునుంతాయి. అతకడం అయిపోనాక వేన్నీళ్ళలో సబ్బేసి ఓపాలి ఉతికీ. అప్పుడు పెళ్ళికూతుర్లాగుంతాది" అంది.

పరంజ్యోతి మొహం వికసించింది. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది. "నేనిలా వచ్చానని ఎవరితోనూ అనకు వదినా."

"నాకేటి అవసరం? నువ్వూ అనకు" అంది గురమ్మ.

ఆమె వెళ్ళాక గురమ్మ ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. ఉతకమని ఎవరు చెప్పారని నలుగురూ అడిగితే, గురమ్మ చెప్పిందని అనగలదా ఆ టీచరమ్మ? అంటే తనకు అతకడం రాదని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే తప్పంతా తన నెత్తినే పడుతుంది. ఎటు తిరిగినా గోడే. అసిరమ్మ చదరం గుర్తొచ్చి మాత్రం కొంచెం కలుక్కుమంది. చదరాలకేం కాదులే, పట్టీలు విప్పితే ఏ చదరానికి ఆ చదరం ఎప్పట్లాగే వచ్చేస్తుంది అని మనసుకి సర్దిచెప్పుకుంది. అయినా ఆ ముప్పై మందీ మాత్రం ఏం తక్కువ తిన్నారు? ఆరోజు నిలబడి చూడలేదూ?

ఆదివారం వీడ్కోలు సభ. శుక్రవారం పరంజ్యోతి బొంత ఉతికి మిషను ఆవరణలో తీగమీద ఆరేసింది. శనివారం పొద్దున్నే ఆడవాళ్ళందరూ చూడ్డానికి పోగయ్యారు. దొరసాని అప్పటికి పక్క ఊళ్ళకి రోగుల్ని చూడ్డానికి వెళ్ళింది, సాయంత్రానికిగానీ రాదు.

బొంతను తీగమీంచి దించి వరండాలో పరిచారు. అది పరుచుకుంటేనా! ఎర్ర పట్టీలన్నీ బిగుసుకుపోయి, చదరాలు బుడిపెల్లా పైకి లేచాయి. నాలుగు మూలలూ నాలుగు పక్కలకి మెలితిరిగాయి. పేర్లు ముడతల్లోకి దిగిపోయి కొన్ని సగమే కనిపిస్తున్నాయి. ఒకామె తన పేరు వెతుక్కుని కనబడక ఏడుపు లంకించుకుంది.

"ఏటే ఇది? ఏటి సేసినావు?" అని తవిటమ్మ మీదికి వచ్చింది. ఎవరి మాటా పడే మనిషి కాదు ఆమె. "ఎవులు ఉతకమన్నారు నిన్ను? నువ్వు కనిపెట్టినదే కదా, నీకు తెల్దేటి ఉతికితే ఏటౌతాదో?"

పరంజ్యోతి వంగి ఒక మూల పట్టుకుని సాగదీసింది, అది మళ్ళీ మెలితిరిగింది.

నేలమీద కూర్చుని చదరాలు తడుముతున్న అసిరమ్మే చివరికి అంది, "ఇది గురమ్మ సెయ్యాల్సిన పనర్రా. దానికే తెలుస్తాది ఇప్పడమైనా, అతకడమైనా. దాన్ని పిలండి."

గురమ్మ పొద్దున్నించీ సిద్ధంగా ఉంది. తల దువ్వుకుంది, ఉతికిన కోక కట్టుకుంది. పిలుపు రాగానే పరిగెత్తలేదు. చేతిలో పని ముగించుకుని, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, పదకొండు నెలల తరవాత ఆ వరండా ఎక్కింది. బొంత వంక ఒకసారి చూసింది. చూసి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"అవుతాది. సాయంత్రానికి బాగవుతాది. ముందు మా ఇంటాయన్ని పిలండి."

"మగాడితో ఏటి పనే ఇక్కడ?" అంది తవిటమ్మ.

"నాకు పనుంది. పిలిస్తే ఉంతాను, లేకపోతే పోతాను."

మడిలోంచి పోతురాజును పిలుచుకొచ్చారు. మోకాళ్ళదాకా బురదతో అతను ఆవరణ మెట్ల దగ్గర నిలబడ్డాడు. అప్పుడు గురమ్మ పరంజ్యోతి వైపు తిరిగింది.

"టీచరమ్మా, ఇది ఉతకమని నీకు ఎవులు సెప్పినారు?"

పరంజ్యోతి కళ్ళెత్తి చూసింది. గురమ్మ చూపులో ఆమెకు అప్పుడు అంతా అర్థమైంది. "నువ్వే!" అని అరిచింది. "నువ్వే చెప్పావు! కావాలని చెప్పావు!"

"అవును, నానే సెప్పినాను. కావాలనే సెప్పినాను. మరి నువ్వు మా ఇంటికెందుకొచ్చినావు? ఆ సంగతి సెప్పు."

పరంజ్యోతి కళ్ళు దించుకుంది.

"అతకడం... అతకడం నాకు రాదు."

"మరి ఆ పద్ధతి ఎవులిది?"

"నీది."

"నా బుట్టలో గుడ్డ ఎవులెట్టినారు?"

పరంజ్యోతి మొహం తిప్పుకుంది. గురమ్మ మెట్టు దిగబోయింది. తవిటమ్మ పరంజ్యోతి జబ్బ పట్టుకుని ఊపింది. "సెప్పవే! రేపు దొరసానికి ఏటి మొహం పెట్టుకుని ఇస్తామే ఈ పేలికని!"

"నేనే పెట్టాను" అంది పరంజ్యోతి. కాళ్ళబేరానికి వచ్చేసింది. "గురమ్మ తియ్యలేదు. నేనే పెట్టాను. నన్ను క్షమించు వదినా."

"గట్టిగా సెప్పు. ఆయనకి ఇనబడాలి."

"గురమ్మ దొంగ కాదు! నేనే పెట్టాను!"

గురమ్మ మొగుడి వంక చూసింది. పోతురాజు తల దించుకుని కాలి బురద చూసుకుంటున్నాడు. ఆమెకు ఆనందం పొంగుకొస్తుందనుకుంది. వచ్చింది, కాదనను. కానీ చాల్లేదు. పదకొండు నెలల ఆకలికి ఒక్క ముద్ద పడినట్టయింది, ఇంకా కావాలనిపించింది.

"సరే. కూర్సో" అంది పరంజ్యోతితో. "నేలమీద కూర్సో. నాను సెప్తాను, నువ్వు సెయ్యి. ముందు ఆ ఎర్ర పట్టీలన్నీ నీ సేత్తోనే ఇప్పు."

పరంజ్యోతి కూర్చుంది. ముప్పై చదరాలూ ఒక్కొక్కటీ విడిపోయి, చదునుగా, పేర్లతో సహా బయటికి వచ్చాయి. ఆడవాళ్ళు ఎవరిది వాళ్ళు చేతిలోకి తీసుకుని నిమురుకున్నారు.

"ఇప్పుడు పట్టీలకి పాత గుడ్డ కావాలి. బాగా ఉతికి ఉతికి మెత్తబడినది."

"మా ఇంట్లో కోకుంది, తెస్తాను" అంది తవిటమ్మ.

"నీది కాదు" అంది గురమ్మ. "టీచరమ్మ పెట్లో ఒక తెల్లకోకుంది. పెళ్ళినాటిది. ఏటేటా క్రిస్మసుకి కట్టుకుంతాది, ఉతుకుతాది. అదైతే సరీగుంతాది."

ఒకరిద్దరు "అయ్యో, అదెందుకే" అన్నారు. పరంజ్యోతి లేచి ఇంటికి వెళ్ళి ఆ కోక తెచ్చింది. అంచు పట్టుకుని చింపుతుంటే ఆ చప్పుడు వరండా అంతా వినిపించింది. పొడుగునా పట్టీలుగా చింపింది, ఏడుస్తూనే చింపింది. ఆ తరవాత సూది అందుకుంది.

మొదటి అతుకు వదులుగా వచ్చింది. "ఇప్పీ" అంది గురమ్మ. విప్పింది. రెండోసారి అడుగుపట్టీ మెలిపడింది. "ఇప్పీ." మూడోసారి మూల ఎక్కువ తక్కువైంది. "ఇప్పీ." ప్రతి మాటకీ గురమ్మ గుండెల్లో ఒక మంట చల్లారి, దాని పక్కనే ఇంకోటి అంటుకుంటోంది. ఆడవాళ్ళు చూస్తూ కూర్చున్నారు. పోతురాజు ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ గమనించలేదు.

నాలుగోసారి పరంజ్యోతి కళ్ళు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క కుట్టే లెక్కగా వేసింది. పట్టీ మడిచింది. దారం కొరికి, ఆ రెండు చదరాలూ గురమ్మ చేతికి ఇచ్చింది. వేళ్ళ చివర నెత్తురు చిప్పిల్లుతోంది.

గురమ్మ అతుకును వెలుగులోకి పట్టి చూసింది. తిరగేసి చూసింది. గోటితో గీసి చూసింది. ఎక్కడా గడ్డ లేదు, ఎక్కడా వంకర లేదు. పక్కనున్న అసిరమ్మ చెయ్యి చాపి, చూపు ఆనని ఆ ముసలి వేళ్ళతో అతుకు పొడుగునా తడిమింది.

"బాగానే ఉన్నాది కదే" అంది మెల్లగా.

"తెలుసు" అంది గురమ్మ.

చదరాలు పరంజ్యోతి ఒళ్ళో పడేసి, "ఇప్పీ" అంది.